రాయైన ఉడుత

కాగజ్‌నగర్ స్టేషన్లో ఊరు వదిలి వెళ్లే ధైర్యం చాలక అప్పటికే ఒక రైలు వదిలేసి, బెంచీ మీద కూర్చున్నాను. పక్కనున్న అమ్మాయి ఫోన్లో పాతకాలం తరహా వీడియోగేమ్ ఆడుతోంది. రంగురంగుల దిమ్మెల మీద దూకే ఉడుత, బటన్ నొక్కితే పిట్టవుతుంది, చేపవుతుంది, రాయవుతుంది. ఆమె మాత్రం చాలాసేపటి నుంచి దాన్ని రాయిగానే ఉంచింది. చుట్టూ ముళ్ల పురుగులు తిరుగుతున్నాయి.

"ఎందుకు కదుపుతలేవ్?" అన్నాను.

"రాయి లెక్కుంటే ఏం గాదక్కా. కదిలితేనే భయం."

"మరి ఆట ముందుకెట్ల పోతది?"

"పోదు," అంది.

రైలొచ్చింది. ఆమె బటన్ నొక్కింది. రాయి మళ్లీ ఉడుతై దూకింది, పురుగు తగిలి చచ్చిపోయింది.

"గింతేనా!" అని నవ్వి, సంచి భుజానేసుకొని రైలెక్కింది.

నేనెక్కాల్సిన రైలూ అదే. అది వెళ్లిపోయినా బెంచీ మీంచి కదల్లేదు.