కోడలు పెట్టకూడని సంతకం

టెక్సస్ ప్లేనోలో మా వీధి తెలుగువాళ్ళకి కారు ఇన్సూరెన్స్ ఉంది, పళ్ళ ఇన్సూరెన్స్ ఉంది, కుక్కకి కూడా ఇన్సూరెన్స్ ఉంది. వీలునామా మాత్రం లేదు. అడిగితే "అదేంటంకుల్, పొద్దున్నే ఆ మాటలు!" అంటారు. సాయంత్రం అడిగినా అదే జవాబు. ఆఫీసు మీటింగ్ వాయిదా వేసినట్టు చావునీ వాయిదా వేయొచ్చని వీళ్ళ ధీమా. చదువుకున్న మూర్ఖత్వానికి ఉండే నునుపు మామూలు మూర్ఖత్వానికి ఉండదు.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. మా అక్క స్పాన్సర్ చేస్తే ఈ దేశం వచ్చి, రిటైరయ్యేదాకా మెషీన్ షాపులో లేత్ మీద ఇనుము చెక్కాను. ఇంగ్లీషు పబ్లిక్ లైబ్రరీలో నేర్చుకున్నాను. చెక్కిన ఇనుముతో కొన్నదే ఈ ఇల్లు. ఇందులో ఇప్పుడు నేనూ, మా కోడలూ ఉంటాం. కొడుకు ఉండడు. ఆ అమ్మాయికి విడాకులిచ్చి, ఇంకో పెళ్ళి చేసుకుని, పక్క ఊరు కాపెల్‌లో ఉంటున్నాడు.

ఇదెక్కడి వరస అని ముక్కు మీద వేలేసుకున్నవాళ్ళు చాలామంది. మా ఆవిడ మంచాన పడ్డప్పుడు వాళ్ళెవరూ రాలేదు. నా కొడుకైతే "ఆఫీసులో రిలీజ్ ఉంది నాన్నా" అని వీడియోలో కనిపించి పోయేవాడు. ఒళ్ళు తుడిచిందీ, మందులు వేసిందీ, విసుక్కున్నదీ, మళ్ళీ నవ్వించిందీ కోడలే. విడాకుల కాగితాలు వచ్చిన రోజు ఆ పిల్ల సూట్‌కేసు తీస్తుంటే మా ఆవిడ మంచం మీద నుంచే కేకేసింది: "నువ్వెక్కడికే? ఆ పెట్టెలో వాడి బట్టలు సర్దు!" అలా సర్దిన పెట్టె కాపెల్ వెళ్ళింది. అమ్మాయి ఇక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత మా ఆవిడ పోయింది.

ఆ ఉండిపోవడానికి నా ఊపిరి తప్ప వేరే ఆధారం లేదని నాకు లైబ్రరీలో తెలిసింది. నేను వీలునామా రాయకుండా పోతే ఇల్లు నా ఒక్కగానొక్క కొడుక్కి వెళ్తుంది. విడాకులైన కోడలు టెక్సస్ చట్టం దృష్టిలో ఈ ఇంటికి ఏమీ కాదు. ఎవరో ఒక రోజు తలుపు మీద నోటీసు అంటించి పోతారు.

కొడుక్కి ఫోన్ చేసి చెప్పాను, ఇల్లు ఆ అమ్మాయికి రాస్తున్నానని.

"ఎందుకు నాన్నా కాంప్లికేట్ చేస్తావ్? నేను తనని బయటికి పంపిస్తానా? ట్రస్ట్ మీ."

"నీ మీద నమ్మకం పెట్టుకున్న మనిషి ఇక్కడే వంటింట్లో ఉందిరా. అడగమంటావా?"

ఫోన్ అవతల టైపింగ్ చప్పుడు వినిపించింది.

ముందు ఒక ఉచిత సెమినార్‌కి వెళ్ళాను. హాల్లో బిర్యానీ, మిర్చీ బజ్జీ పెట్టి, సూటు వేసుకున్న మనవాడొకడు తెర మీద బొమ్మలు చూపించాడు. వీలునామా అంటే పాతకాలపు వ్యవహారమట, ప్రతి కుటుంబానికీ ఆస్తి పెట్టుకోవడానికి ఒక ట్రస్ట్ ఉండాలట. ఆ ట్రస్ట్ తనే రాసిస్తాడట. దాని ఖరీదు వినేసరికి నోట్లో బజ్జీ చల్లబడింది. "నాకున్నది ఒక ఇల్లు, ఒక పాత కారు. దీనికి ట్రస్ట్ ఎందుకు బాబూ?" అని అడిగాను. "అంకుల్, మీ పీస్ ఆఫ్ మైండ్‌కి" అన్నాడు. నా మనశ్శాంతికి వీడు బిల్లు వేస్తాడు! పక్కన కూర్చున్న కుర్ర ఇంజినీర్లు ఫోన్లలో సంతకాలు చేస్తున్నారు. కూరగాయల దగ్గర కూపన్ కోసం క్యూ ఆపేసే జాతి ఇదే.

ఆ తర్వాత మా వాకింగ్ బృందంలో ఒక పెద్దమనిషి తగిలాడు. ఇండియాలో సబ్‌రిజిస్ట్రార్‌గా రిటైరై, కూతురి దగ్గర ఆర్నెల్లు ఉండటానికి వచ్చాడు. వచ్చిన వారంలోనే మా చుట్టుపక్కల నాలుగు వీధులకీ ఆయనే సుప్రీం కోర్టు. పార్కు బెంచీ మీద కూర్చుని టెక్సస్ ఆస్తుల మీద తీర్పులిచ్చేవాడు. వినేవాళ్ళు చేతులు కట్టుకుని వినేవారు. టెక్సస్ చట్టం ఒక్క పేజీ అయినా చదివారా అని అడిగితే ఆయన నవ్వాడు.

"చట్టం ఎక్కడైనా చట్టమే అన్నయ్యగారూ. నా సర్వీసులో ఎన్ని వీలునామాలు నా చేతుల మీదుగా పోయాయో! మీకెందుకు, పైసా ఖర్చు లేకుండా నేను రాసిస్తాను. ఒక్కటే సూత్రం. ఇంట్లో అందరి చేతా సంతకం పెట్టించాలి. రేపు ఒక్కడు నోరెత్తడు."

ఖర్చు లేదన్నాడు కదా అని సరేనన్నాను. ఒక ఆదివారం కాపెల్ నుంచి కొడుకుని కూడా రప్పించి, మా హాల్లో అందరం కూర్చున్నాం. ఆయన చెప్పిన మాటలు ఆయన అల్లుడు టైప్ చేసి పంపాడు. 'సంపూర్ణ ఆరోగ్యముతోను, ఎవరి బలవంతమును లేకయు' అన్న ధోరణిని ఇంగ్లీషులోకి ఈడ్చుకొచ్చారు. ఇల్లు కోడలికి అన్న వాక్యం మాత్రం స్పష్టంగానే ఉంది. నేను సంతకం పెట్టాను. నా కొడుకు చెవుల్లో గుబిలి ముక్కల్లాంటి ఆ తెల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరితోనో "యా, యా, విల్ సర్కిల్ బ్యాక్" అంటూనే, చదవకుండా సాక్షి గీత మీద గీకేశాడు. అంత జీతమిచ్చి ఇలాంటి సంతకాలు పెట్టించుకుంటున్న ఆ కంపెనీని తలుచుకుంటే జాలేసింది.

"మీరూ ఒక సాక్షి సంతకం పెట్టండి" అన్నాను పెద్దమనిషితో.

ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. "నేనా? విజిటర్ వీసా మీద ఉన్నాను అన్నయ్యగారూ. అమెరికా కాగితం మీద నా సంతకం దేనికి? రేపు ఎయిర్‌పోర్ట్‌లో అడిగితే?" అంటూ వంటింటి వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఇలా రా తల్లీ. రెండో సాక్షివి నువ్వు. ఇక్కడ ఒక్క సంతకం పెట్టు."

కోడలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "నాకిచ్చే దానికి నేనే సాక్షినా అంకుల్?"

"నీ సమ్మతి ఉండాలి కదమ్మా. మన పద్ధతే అది."

ఆ పిల్ల నా వైపు చూసి పెట్టేసింది. పెద్దమనిషి కాఫీ తాగి, రెండోసారి కూడా పోయించుకుని వెళ్ళాడు.

'ఇక్కడ ఒక్క సంతకం పెట్టు తల్లీ.' ఆ మాట నాకు మింగుడు పడలేదు. అదే మాట నేను అంతకుముందు విన్నాను. మా నాన్నా, బాబాయిలూ పొలం పంచుకున్న రోజు వసారాలో మా మేనత్తని పిలిచి అచ్చం ఇంత తియ్యగానే అన్నారు: "ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా, అందరం ఒప్పుకున్నట్టు." ఆవిడ వేసింది. వేలికంటిన సిరా పైటకొంగుకి తుడుచుకుని, అందరికీ భోజనాలు వడ్డించింది. ఆవిడ వాటా ఆ వేలిముద్రతోనే పోయిందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మా ఇళ్ళలో ఆడమనిషిని పిలిచి సంతకం పెట్టించారంటే ఆవిడకేదో వస్తోందని కాదు, ఆవిడ దగ్గర్నుంచి ఏదో పోతోందని. ఇది ఏ కాలేజీలోనూ చెప్పరు.

లైబ్రరీలో పెద్దవాళ్ళ కోసం వాలంటీర్ లాయర్లు ఉచితంగా కాగితాలు చూసిపెట్టే రోజొకటి ఉంది. మావాళ్ళు వెళ్ళరు. ఊరికే చూసేవాళ్ళు మంచి లాయర్లు కారని వీళ్ళ సిద్ధాంతం. కోడలు నన్ను డ్రాప్ చేసి, తనూ లోపలికొచ్చింది. లాయరమ్మ కాగితం చివరి పేజీకే ముందు వెళ్ళింది.

"ఈ సాక్షి ఎవరు?"

"నా కొడుకు."

"ఈవిడ?"

"ఇదిగో, ఈ అమ్మాయే. ఇల్లు ఈమెకే."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. ఇక్కడ ఆస్తి తీసుకునే మనిషి సాక్షిగా సంతకం పెడితే ఆ మనిషికి రాసింది చెల్లకుండా పోయే ప్రమాదం ఉందట. దాన్ని నిలబెట్టుకోవాలంటే ఇంకో సాక్షి కోర్టుకొచ్చి ఆమె తరఫున చెప్పాలి. ఆ ఇంకో సాక్షి నా కొడుకు. ఆమెకి రాసింది చెల్లకపోతే ఇల్లు దక్కేది ఎవరికి? వాడికే.

కోడలు నవ్వింది. "మామయ్యా, మీ సుప్రీం కోర్టు నన్ను మళ్ళీ మీ అబ్బాయి చేతిలోనే పెట్టిందన్నమాట."

నాకు నవ్వు రాలేదు. అక్కడ ఇండియాలో ఆయన పద్ధతి చెల్లిందేమో, నాకు తెలియదు. ఇక్కడ చెల్లుతుందో లేదో తెలుసుకోవాలన్న బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు, అది నాకు బాగా తెలుసు. రెండుసార్లు కాఫీ తాగి ఒక ఆడపిల్ల ఇల్లు ఊడగొట్టి వెళ్ళాడు. పైగా నేను దణ్ణం పెట్టి పంపాను.

"ఇప్పుడు మళ్ళీ సాక్షుల్ని వెతకాలా? ఎంతవుతుంది?" అని అడిగాను.

"ఏమీ అవదు. ఆస్తితో సంబంధం లేని ఎవరైనా ఇద్దరు మీ ఎదుట సంతకం పెడితే సరి. లేదా, టెక్సస్‌లో మొత్తం మీ సొంత దస్తూరీతో రాసి సంతకం పెడితే సాక్షులే అక్కర్లేదు. ఒక్క ముక్క కూడా టైప్ చేసింది ఉండకూడదు. అచ్చు ఫారంలో ఖాళీలు నింపడం వద్దు. తేదీ వేయండి. పాతది రద్దు చేస్తున్నానని రాయండి. మీ తర్వాత పని చక్కబెట్టే మనిషి పేరు రాసి, కోర్టుకి హామీ బాండ్ కట్టకుండా స్వతంత్రంగా చెయ్యొచ్చని రాస్తే ఆ మనిషికి కోర్టు ఖర్చు తగ్గుతుంది."

సాక్షులుంటే రేపు పని తేలికని కూడా చెప్పింది, ఎందుకంటే చేతిరాత అయితే ఇది నా దస్తూరీయేనని ఎవరో గుర్తుపట్టి చెప్పాలి. నా దస్తూరీ తెలిసినవాళ్ళకి కొదవ లేదు. మెషీన్ షాపులో నేను రాసిన ఫిర్యాదులు అందరూ చదివారు.

ఇంటికొచ్చేసరికి షామ్‌బర్గ్ నుంచి మా బావమరిది ఫోన్. లైబ్రరీలోంచే కోడలు ఈ సంగతి మెసేజ్ పెట్టినట్టుంది.

"బావా, చేతిరాత చెల్లదు! ఇక్కడ మా ఫ్రెండ్‌ది చెల్లలేదు. నువ్వు అనవసరంగా రిస్క్ తీసుకోకు."

"అది ఇల్లినాయ్‌రా. నేనున్నది టెక్సస్."

"అమెరికా అంతా ఒకటే కదా బావా?"

ఇన్నేళ్ళుగా ఈ దేశంలో పన్ను కడుతున్నాడు. ప్రతి రాష్ట్రానికీ వేరే పన్ను ఉందని తెలుసు, వేరే చట్టం ఉందని తెలియదు. ఫోన్ పెట్టేశాను.

డైనింగ్ టేబుల్ మీద గీతల కాగితం పెట్టుకుని, నాకొచ్చిన ఇంగ్లీషులో నిదానంగా రాశాను. అలంకారాలేమీ లేవు. నా పేరు, తేదీ, ఇంటి చిరునామా, ఇల్లు ఎవరికి, పని చక్కబెట్టేది ఎవరు, పాతది రద్దు. వంటింట్లోంచి కోడలు రెండుసార్లు తొంగి చూసింది.

"నా సంతకం కావాలా మామయ్యా?" అంది వెటకారంగా.

"పేపర్ మీద చెయ్యి వేశావంటే ఊరుకోను."

అప్పుడే కొడుకు వచ్చాడు, పెద్దమనిషి వీలునామా చెల్లదని తెలిసి. ఈసారి చెవుల్లో ఏమీ లేవు. నేను రాసినది నిలబడే చదివాడు. మొదటిసారి పూర్తిగా చదివాడని ముఖం చూస్తేనే తెలిసింది.

"మొత్తం తనకేనా నాన్నా?"

"ఆ ఆదివారం నువ్వు సాక్షి సంతకం పెట్టింది కూడా దానికేరా."

వాడు కోడలి వైపు చూడలేదు. జేబులోంచి పెన్ను తీశాడు. "సరే. నేనెక్కడ సంతకం పెట్టాలి?"

"ఎక్కడా అక్కర్లేదు."

"అంటే... ఫ్యామిలీలో ఎవరూ పెట్టక్కర్లేదా?"

"నేను పెట్టాను. ఇల్లు నాది."

పెన్ను జేబులో పెట్టుకున్నాడు. కాఫీ తాగుతావా అని కోడలు అడిగితే, వద్దని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మర్నాడు, వీలునామాలు భద్రపరిచే కౌంటీ క్లర్క్ ఆఫీసుకి ఆమే డ్రైవ్ చేసింది. వీలునామా దాచిపెట్టడానికి కౌంటర్‌లో కొద్ది ఫీజు తీసుకున్నారు. రిటైర్డ్ సబ్‌రిజిస్ట్రార్ రెండు కాఫీల కన్నా అది నాకు చవగ్గానే పడింది. కవరు మీద నా పేరు రాస్తున్న గుమాస్తా, వెనక నిలబడ్డ మా కోడల్ని చూసి, "మీ అమ్మాయి కూడా ఏమైనా సంతకం పెట్టాలా?" అని నన్ను అడిగాడు.

"పెట్టదు" అన్నాను. అంత గట్టిగా అనవలసిన అవసరం లేదు కానీ, అన్నాను.