పడవ నడిపేవాడి పేరు

నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసు. అందులో రామచందర్ ముప్పై రెండేళ్లుగా లారీ సరుకు వెంట పోయే రసీదులు, బిల్టీలు రాస్తున్నాడు. సరుకెవరిది, ఎక్కడికి పోతుంది అన్నది ఏ గుమాస్తా అయినా రాస్తాడు. ఈయన మాత్రం బిల్టీ వెనక డ్రైవరు ఇంటి ఫోన్ నంబరు కూడా రాసుకుంటాడు. చెప్పనివాడికి కాగితం చేతికివ్వడు. వెనకటికి బిచ్చయ్య అనే డ్రైవరు లారీ బోల్తాపడి దవాఖానలో చేరితే, ఇల్లెక్కడో తెలియక భార్య శంకరమ్మకు మూడోరోజు గానీ కబురందలేదు. ఆమె వచ్చేసరికి మనిషి లేడు. అది తన తప్పేనని రామచందర్‌కు ఇప్పటికీ బాధ.

అలాంటి మనిషికి ఓనరు జితేందర్ ఒక కొత్త సంగతి చెప్పాడు. అబిడ్స్ దుకాణాల నోటుబుక్కులు ఇకమీదట కృష్ణ ఒడ్డు దాకానే లారీలో పోతాయి. అక్కడినుంచి విజయవాడకు పడవలో.

"పడవ నడిపేటోడెవరు?"

"ఎవ్వడు లేడు కాకా. కంప్యూటర్ చూసుకుంటది. అదే పోతది, అదే ఆగుతది."

"గుడ్డెద్దు చేన్ల వడ్డట్టు పోదు గదా?"

జితేందర్ పకపకా నవ్వాడు. రామచందర్ నవ్వలేదు.

మర్నాడు పడవ కంపెనీ నుంచి వైశాలి అనే అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. వస్తూనే అందరికీ చాయ్ తెప్పించింది. అడక్కుండా చాయ్ పోయించేవాళ్లను రామచందర్ ఎన్నడూ నమ్మి ఎరగడు. ట్యాబ్‌లోని ఫారం మీద సంతకం పెట్టమనగానే కళ్లజోడు పెట్టుకుని, మొదటినుంచి ఒక్కో గడి మీద వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాడు. 'నడిపేవారు' అన్నచోట వేలు ఆగింది. అక్కడ ఉన్నది తన పేరే.

"ఇదేందమ్మా? చాదర్‌ఘాట్ వంతెన మీదికెల్లి మూసీని చూసుడే గని, నేనెన్నడు పడవ ఎక్కినోణ్ని గాదు!"

"ఆ గడి ఖాళీగా ఉంటే ఫారం ముందుకు పోదు అంకుల్. ఉత్త పేరే."

ఉత్త పేరట! అనుకున్నాడు రామచందర్. పొద్దున్నే వల వేసుకునేవాడి తెప్పను ఆ పడవ గుద్దితే? కంపెనీ ఓనరును చూపిస్తుంది, ఓనరు కంప్యూటర్‌ను చూపిస్తాడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రం మాయం. చివరికి పోలీసులు గౌలిగూడలో తన ఇంటి తలుపే కొడతారు. భార్య సౌభాగ్య వణికిపోతూ తలుపు తీస్తుంది.

"నేను పెట్ట," అన్నాడు.

"ఏంది కాకా, గింత దానికి! పెట్టకుంటే రేపటిసంది వేరేటోన్ని చూసుకుంట," జితేందర్ గొంతు పెంచాడు.

యాభై ఎనిమిదేళ్ల వయసులో ఇంకో పని ఎవడిస్తాడు? రామచందర్‌కు భయం వేసింది. భయంతోనే ట్యాబ్‌ను జితేందర్ ముందుకు జరిపాడు.

"ఉత్త పేరే గద బిడ్డా. నీది రాయి."

జితేందర్ విసురుగా వేలెత్తాడు. గడి మీదికి తెచ్చాడు. వేలు అక్కడే ఆగిపోయింది. వైశాలి అతని మొహంలోకి చూసింది. రామచందర్ కూడా చూశాడు.

జితేందర్ మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"విజయవాడ దాకా లారీలనే పంపు కాకా," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.