నూరుమందికి ఇజాజత్

ఆ సభలో పోయినవేమిటో ముందు చెప్పేస్తాను. మా మామ కళ్ళజోడులో కుడివైపు అద్దం ఒకటి. మిల్లులో నా అరపూట కూలి. నా లెక్క తప్పదని అప్పటిదాకా నాకున్న గర్వం. మా అవ్వ దగ్గర నాకున్న మంచిపేరు. మొత్తం నాలుగు. (అయిదోది ఒకటుంది కానీ, అది పోయినదాని కింద రాయాలో రావలసినదాని కింద రాయాలో ఇప్పటికీ తేలలేదు.) ఆ రోజుల్లో పాలమూరులో జనం ఒకచోట కూర్చోవాలంటే పెళ్ళయినా జరగాలి, చావయినా జరగాలి. మూడో కారణం ఏదైనా ఉంటే సర్కారు కచేరీ నుంచి ఇజాజత్, అంటే అనుమతి కాగితం, తెచ్చుకోవాలి. ఇంత చిన్న కోరికకు అంత పెద్ద కాగితమా అని ఈనాటి పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, ఆ నవ్వు కోసమే మా మామ చెప్పులు అరిగాయి.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ప్రైవేటు బడిలో పంతులు. గ్రంథాలయం పెరట్లో ఒక సభ పెట్టి, మన భాషలో చదువుకోవడం గురించి నలుగురికి చెప్పాలని ఆయన పంతం. ఆరుసార్లు అర్జీ పెట్టాడు. మొదటిసారి కలరా వస్తుందన్నారు, రెండోసారి పరీక్షలన్నారు, మిగతా నాలుగుసార్లు కారణం కూడా ఖర్చు చేయలేదు. ఏడోసారి ఇజాజత్ వచ్చింది. ఆవరణ లోపల నూరుమంది, రెండు గంటల సమయం. ఒక్క మనిషి ఎక్కువైనా సభ రద్దు, ఆపైన ఆ గ్రంథాలయానికి ఎన్నడూ ఇజాజత్ ఉండదు. మామ ఆ కాగితాన్ని నాకు ఎన్నిసార్లు చదివి వినిపించాడంటే, ఉర్దూ రాకపోయినా నాకది కంఠస్థమైంది.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పల్లీల మిల్లులో బండ్ల మీద వచ్చే బస్తాలు లెక్కపెట్టేవాణ్ణి. బడికి పోయింది రెండేళ్ళే, మిగతా లెక్కలన్నీ బస్తాల దగ్గరే నేర్చుకున్నాను. మిల్లులో సూత్రం ఒకటే: గడప దాటిన ప్రతిదీ లెక్కే. అందుకే మామ నన్ను తలుపు దగ్గర నిలబెట్టాడు. మధ్యాహ్నం మూడింటికి సుద్దముక్క పట్టుకుని, మనిషికొక గీత చొప్పున తలుపుచెక్క మీద గీస్తూ పోయాను. మామకొకటి, నాకొకటి. చంకలో పసిపిల్లతో వచ్చిన తల్లికి రెండు. (ఆమె నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.) మూడున్నరకే నూరో గీత పడింది. సరిగ్గా అప్పుడు ఎదురుగా మా అవ్వ వచ్చి నిలబడింది.

అవ్వ మామకు కన్నతల్లి. కొత్తకోట పక్క పల్లె నుంచి పల్లీల బండి మీద, బస్తాల పైన కూర్చుని రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చింది. కొడుకు నలుగురిలో నిలబడి మాట్లాడటం ఆమె ఎన్నడూ చూడలేదు.

"నూరు నిండింది అవ్వా," అన్నాను.

"నిండితే నిండనియ్యి. నేనేమన్న బస్తానార? జర్రంత జాగల ముడుసుకొని కూసుంట."

"నూటొక్కటైతే మామ సభ బందైతది. మల్ల ఎన్నడు ఇజాజత్ ఇయ్యరు."

అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "వానికి పాలిచ్చిన్నాడు నేను ఎవన్ని ఇజాజత్ అడగలే బిడ్డా," అని గోడ పక్కన మట్టిలో కూర్చుని, చెవి గోడకు ఆనించింది. నా చోటు ఆమెకివ్వచ్చు కదా అని మీకు తోచవచ్చు. నాకూ తోచింది. కానీ నేను పోతే లెక్క ఎవరు చూస్తారు? (ఇరవై రెండేళ్ళ వయసులో లోకమంతా మన సుద్దముక్క మీదే ఆగి ఉన్నట్టుంటుంది.) ఆమె తరువాత ఇంకా జనం వచ్చారు. ఒక్కొక్కరికీ వచ్చే సభలో మొదటి వరుస మీదేనని మాటిచ్చి, రెండో తలుపుచెక్క మీద గీత గీశాను. అవ్వతో కలిపి నలభై నలుగురయ్యారు. అందరూ గోడ వెంట కూర్చున్నారు.

నాలుగున్నరకు, సభను కనిపెట్టి ఉండమని కచేరీ పంపిన పోలీసు జమేదారు లోపలి నుంచి లేచి బయటికి తొంగిచూశాడు. లోపలివాళ్ళను, బయటివాళ్ళను కలిపితే నూరు దాటింది కాబట్టి సభ బంద్ అన్నాడు. మామ ఉపన్యాసం మాట మధ్యలో ఆగిపోయింది. నూరు తలకాయలూ నా వైపు తిరిగాయి. కంఠస్థమైన కాగితం నోటికొచ్చింది.

"ఆవరణ లోపల నూరుమంది అని రాసున్నది సాబ్. బాట మీద కూసున్నోళ్ళ ముచ్చట కాయితంల లేదు."

జమేదారు కాగితం తెప్పించుకుని రెండుసార్లు చదివాడు. ఇక లోపలే తప్పు పట్టాలని, కర్ర చూపిస్తూ తలలు తనే లెక్కపెట్టాడు. తొంభై ఏడు. మళ్ళీ లెక్కపెట్టాడు. తొంభై ఏడే.

"నూరు నిండిందంటివి. మూడు తలకాయలు ఏడ దాసినవ్?"

"దాయలె సాబ్. మీరు, మీ ఇద్దరు జవాన్లు."

"మమ్ముల గూడ లెక్కవెట్టినవా?"

"గడప దాటిన్రు గద సాబ్."

"అరె, మేం మనుషులల్ల రాం. సర్కారుల వస్తం."

ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత ఆ పసిపిల్ల తల్లి పగలబడి నవ్వింది. చివరికి జమేదారు మీసాలు కూడా కదిలాయి. ఇంకో ముగ్గుర్ని పిలుచుకోమని చెయ్యి ఊపాడు. గంటసేపుగా ఖాళీగా ఉన్న మూడు చోట్లను కాపలా కాస్తూ, మామ కన్నతల్లిని మట్టిలో కూర్చోబెట్టానన్న సంగతి అప్పుడు అర్థమైంది నాకు.

అవ్వ నేనిచ్చిన చెయ్యి పట్టుకోలేదు. ఒక చాకలాయన, మజ్జిగ అమ్మే ఒకామె ఆమె వెనకే వచ్చారు. తల్లిని చూడగానే మామ కళ్ళజోడు తీసి తుడుచుకోబోయి కింద వేసుకున్నాడు.

"ఆగినవేంది కొడుకా? గోడవతలికి గూడ మంచిగనే ఇనొచ్చింది. చెప్పు," అంది అవ్వ.

మిగిలిన అరగంట మామ ఏం చెప్పాడో నాకు తెలియదు. నేను తలలు లెక్కపెడుతున్నాను. అయిదింటికి సభ ముగిసింది. గడబడ ఏమీ జరగలేదని జమేదారు రాసుకుపోయాడు. ఆ ఒక్క ముక్క కోసమే కదా మేమంత జాగ్రత్తపడింది. దాని బలంతో మామ ఎనిమిదో అర్జీ పెట్టాడు, ఈసారి నూట నలభై ఒక్కమందికి. దానికి జవాబు రాకముందే ఆ సర్కారే పోయింది. అవ్వ మాత్రం పోయేదాకా చుట్టాలకు నన్ను ఇలాగే చూపించేది: "గీడే, నన్ను గడపకాడ ఆపినోడు." అలా అంటున్నప్పుడు ఆమె చెయ్యి నా వీపు మీద ఉండేది.

ఇప్పుడు పాలమూరులో ఏ సభ జరిగినా వెళతాను. ద్వారం దగ్గర నిలబడి, ఆనాడు గోడ వెంట మిగిలిపోయినవాళ్ళ ముఖాల కోసం చూస్తాను. వాళ్ళలో సగంమంది బతికి లేరేమోనని మా ఆవిడ అంటుంది. కావచ్చు, కానీ మాట మాటే. ఇన్నేళ్ళలో అయిదుగురు దొరికారు, చెయ్యి పట్టుకుని తీసుకుపోయి మొదటి వరుసలో కూర్చోబెట్టాను. ఎందుకు కూర్చోబెట్టానో వాళ్ళలో ముగ్గురికి గుర్తే లేదు, అయినా కూర్చున్నారు. రావలసినవాళ్ళు ఇంకా ముప్పై ఆరుగురు.