వెనక్కి పారిన గోదావరి

ఆ బొమ్మలో తప్పు మాస్టారిది కాదు, నాది. ఈ మాట ఆయనతో అనడానికి నాకు పదమూడేళ్ళు పట్టింది. ఊరికి చెప్పడం ఇదే మొదలు. మొన్న మా వీధి వడ్రంగి పనసచెక్కను చిత్రిక పడుతుంటే ఆ తియ్యటి వాసనకి కాళ్ళు ఆగిపోయాయి. రాజమండ్రిలో కామేశం మాస్టారి గదంతా ఆ వాసనే ఉండేది.

ఆయన డ్రాయింగ్ మాస్టారుగా రిటైరయ్యారు. ఎప్పుడో పాత పుస్తకాల కొట్లో ఒక జపాన్ చిత్రకారుడి పుస్తకం దొరికిందట. పెద్దగా పేరులేని మనిషి. ఊరూరా తిరిగి, జనం చూడవచ్చే చోట్లన్నీ చెక్కల మీద చెక్కి, రంగుకో చెక్కతో అచ్చు వేసేవాడు. మాస్టారు అదే పద్ధతిలో అన్నవరం కొండనూ, కోరుకొండ మెట్లనూ చెయ్యాలనుకున్నారు. "ఇక్కడివాళ్ళకి ఇవి చూసి చూసి కనపడ్డం మానేశాయయ్యా" అనేవారు. సైన్‌బోర్డులు రాసుకునే నాకు ఉలి పట్టడం నేర్పింది ఆయనే.

తొంభైల నడుమ ఒక రైస్‌మిల్లు యజమాని క్యాలెండరుకు పన్నెండు బొమ్మలు అడిగాడు. మాస్టారి జీవితంలో అలాంటి పిలుపు అదొక్కటే. మొదటిది గోదావరి వంతెన. బొమ్మ గీసిన పల్చటి కాగితాన్ని చెక్కకు బోర్లా అంటించి చెక్కాలి. అప్పుడే అచ్చులో కుడి ఎడమ కాకుండా సరిగ్గా పడుతుంది. మాస్టారు గీసిచ్చి, తర్వాతి బొమ్మ కోసం అన్నవరం వెళ్ళారు. అంటిస్తుంటే కాగితం చిరిగింది. కంగారులో మాస్టారు దాచుకున్న నకలు చూసి చెక్క మీద నేరుగా గీసి చెక్కేశాను. మొదటి అచ్చు తియ్యగానే కుడి ఎడమైందని తెలిసింది. వంతెన ఎటు చూసినా వంతెనే కదా అనుకుని, అన్నీ అచ్చు వేసి, కింద మాస్టారి ముద్ర కొట్టి మిల్లుకు పంపేశాను.

మొదటి బొమ్మ ఆవిష్కరణ సభకు మాస్టారు అన్నవరం నుంచి నేరుగా వచ్చారు. అక్కడ ఒక లాంచీ యజమాని బొమ్మ పట్టుకుని నవ్వాడు. "స్తంభాల దగ్గర నురగ అటు పోతోందేంటండి మాస్టారూ? మీ గోదావరి వెనక్కి భద్రాచలం వెళ్తోందా?"

హాలంతా నవ్వింది. మాస్టారు బొమ్మను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశారు. తర్వాత మూడో వరసలో ఉన్న నావైపు చూశారు, చాలాసేపు. నేను నా చెప్పులు చూసుకుంటున్నాను.

"కింద ముద్ర నాదండి. తప్పూ నాదే" అన్నారాయన.

మిల్లు యజమాని మిగతా పదకొండు బొమ్మలూ వద్దన్నాడు. ఊళ్ళో ఆయనకు 'వెనక్కి గోదారి మాస్టారు' అని పేరు పడింది. ఆయన మళ్ళీ ఉలి పట్టలేదు. ఆ రోజు ఇంటికి నడుస్తూ నేనన్న మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "పోనీలెండి మాస్టారూ, వాళ్ళకేం తెలుసు" అన్నాను.

ఆయన చివరి రోజుల్లో కొవ్వూరులో కూతురింట ఉన్నారని తెలిసి వెళ్ళాను. అరుగు మీద మంచినీళ్ళ బిందె. దాని మీద మూతగా ఆ వంతెన చెక్క. నీళ్ళ తడికి గీతలు ఉబ్బి పూడుకుపోయాయి. నిలబడే చెప్పాను. "ఆ చెక్క నేనే తప్పుగా చెక్కానండి. తెలిసే అచ్చు వేశాను."

"నీ ఉలి దెబ్బ నాకు తెలీదా? హాల్లోనే తెలిసింది" అన్నారు. ముఖంలో కోపం లేదు, దయా లేదు. "తప్పు ఎవడైనా చెక్కుతాడు. నువ్వు లేస్తావేమోనని చూశాను. అంతే."

అప్పుడు ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"చెక్కినందుకు కాదండి మాస్టారూ. ఆ రోజు లేవనందుకు క్షమించండి."