తమ్ముడొస్తే వేయించుకుంటాను

మొన్న ఫోన్‌లో జాగా అయిపోయిందని, ఇంక ఒక్క ఫోటో కూడా పట్టదని అది పదేపదే మొత్తుకుంటుంటే, మధ్యాహ్నం భోజనాలయ్యాక కళ్ళజోడు తగిలించుకుని కూర్చుని పాతవన్నీ ఒక్కొక్కటే తీసిపారేయడం మొదలుపెట్టాను. పొద్దున్నే ఎవరెవరో పంపే పువ్వుల బొమ్మలూ, కషాయాల వీడియోలూ, ఎప్పుడో అయిపోయిన పెళ్ళిళ్ళ శుభలేఖలూ వరసగా పోతూ ఉండగా, మా అత్తగారి పేరూ వయసూ వేసి, మొదటి డోసు అయిందని రాసి ఉన్న కాగితం బొమ్మ ఒకటి బయటపడింది. తీసేద్దామని వేలు పెట్టాను గానీ చెయ్యి ఆడలేదు. ఫోను బోర్లించి పక్కన పెట్టేశాను. నా ఈడు వాళ్ళకి ఆ రోజులు నేను గుర్తు చెయ్యక్కర్లేదు. మీరూ తెల్లవారగానే మొహమైనా కడుక్కోకుండా ఇంట్లో పెద్దవాళ్ళ మంచం దగ్గరికి వెళ్ళి, ఛాతీ లేచి పడుతోందో లేదో చూసుకునే ఉంటారు.

మేముండేది నరసరావుపేటలో. మా ఆయనది ఎరువుల కొట్టు. మా అత్తగారికి అప్పటికే ఎనభై దగ్గర పడ్డాయి, దానికి తోడు ఆయాసం. గాలి మారితే ఆయాసం, పోపు మాడితే ఆయాసం. పీల్చే మందు గొట్టం బొడ్లో దోపుకుని తిరిగేది. మనిషి మాత్రం గట్టి పిండం, నోరు ఇంకా గట్టిది. ఆవిడకి ఒక్కడే తమ్ముడు, రొంపిచెర్లలో వ్యవసాయం. ఆయన్ని నేను బాబాయిగారు అనేదాన్ని. అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు కాబట్టి ఆవిడకి పుట్టిల్లంటే ఆ తమ్ముడే. పొద్దున్నే గేదెల పని అయ్యాక ఆయన ఫోను చెయ్యాలి, ఈవిడ ఏం కూర వండారో చెప్పాలి, ఆయన మిరపకాయ ధర చెప్పాలి. అప్పటిగ్గానీ మా ఇంట్లో పొద్దు పొడిచినట్టు కాదు.

వయసు మళ్ళిన వాళ్ళకి ముందుగా సూది వేస్తున్నారని తెలిసినప్పుడు, ఎండలు ఇంకా ముదరలేదు, జనంలో భయమూ పెద్దగా లేదు. సూదులు వేసే బడికి మా ఆయనా నేనూ వేయించుకోవడానికి వెళ్ళేసరికి బెంచీలన్నీ ఖాళీ, నర్సమ్మ దారిన పోయే వాళ్ళని పిలిచి మరీ కూర్చోబెడుతోంది. మా అత్తగారిని రమ్మంటే రానంది. ఆవిడకి ఆరేళ్ళప్పుడో ఏడేళ్ళప్పుడో మశూచికి టీకాలు వేసే మనిషి ఊళ్ళోకి వస్తే, తమ్ముణ్ణి చంకనేసుకుని చొప్పవాము వెనకాల దాక్కుందట. ఇద్దర్నీ లాక్కొచ్చి ఒకే పూట పొడిచారట. ఆ మచ్చలు ఇద్దరి జబ్బల మీదా ఉండేవి. అందుకని ఇప్పుడూ వాడు పేటకొస్తే ఇద్దరం కలిసే వెళ్తామని పట్టు. ఆయనకేమో మిరప కోతలు నడుస్తున్నాయి, కల్లంలో కాయ ఎండుతోంది. సూది వేసుకుంటే రెండు రోజులు జ్వరమంటున్నారు, కూలీలు దొరికిన రోజున నేను ముసుగేసుకుని పడుకుంటే ఎట్లా అన్నాడు. "కాయ మిర్చి యార్డుకి తోలినాక ఏసుకుంటాలే అమ్మాయ్, ఏం తొందరొచ్చింది" అని నాతోనే ఫోన్లో నవ్వాడు. పల్నాడులో మిరప వేసిన ఏ రైతు అయినా అదే మాట అనేవాడు. నేనూ రైతు బిడ్డనే, కల్లంలో కాయ ఉండగా ఇంటి గడప దాటని నాన్నని చూసిన దాన్నే, అందుకని సరేనన్నాను. ఆ రోజు గట్టిగా దెబ్బలాడి ఇద్దర్నీ ఒక ఆటోలో కూర్చోబెట్టి ఉంటే ఇప్పుడిది రాసే పనే ఉండేది కాదు.

కాయ యార్డుకి పోయేలోపే జబ్బు ఊళ్ళ మీద పడింది. ఆ వైశాఖం తలుచుకుంటే ఇప్పటికీ నా అరికాళ్ళు చల్లబడతాయి. మధ్యాహ్నానికల్లా కొట్లు మూసేసేవారు. వీధిలో మనిషి అలికిడి లేదు, అంబులెన్సు కూత తప్ప. ఆ కూత మన సందు దాటిపోయిందాకా చేతిలో పని ఆగిపోయేది. ఫోను తెరిస్తే చాలు, నిన్నటిదాకా మనతో మాట్లాడిన మనిషి ఫోటోకి దండ. మా ఆయన కొట్టు నుంచి వస్తే పెరట్లోనే బట్టలు విప్పించి, తలమీంచి స్నానం చేయించి, తల్లికి నాలుగు గజాల దూరంలో కూర్చోబెట్టేదాన్ని. పాపం, అరవై దాటిన మనిషి, తప్పుచేసిన పిల్లవాడిలా గోడ వారగా కూర్చుని అన్నం తినేవాడు. నేను మాత్రం మా అత్తగారు దగ్గితే లెక్కపెట్టేదాన్ని. ఇది ఆయాసం దగ్గా, ఆ దగ్గా? వేలికి తగిలించే ఆక్సిజన్ మిషను కొని రోజుకి పదిసార్లు తగిలిస్తుంటే, నా వేలేమన్నా పశువు తోకా, ఊరికే పట్టుకుంటావు అని విసుక్కునేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు పరిగెత్తాం సూది కోసం. బడి ముందు తెల్లారకముందే చెప్పులు వరసలో పెట్టి పోతున్నారు జనం, మనిషి బదులు చెప్పు. ఎండెక్కేదాకా నిలబడితే స్టాకు లేదు అనేవారు. ఇంకో నాలుగు రోజులకి, ఉన్నవన్నీ రెండో సూది వాళ్ళకే, కొత్తవాళ్ళకి లేవన్నారు. మా ఇద్దరికీ రెండోది వేశారు. వేయించుకుని ఇంటికొచ్చి, మొదటిది కూడా లేని ఆ ముసలామె ఎదురుగా నిలబడడానికి నాకు సిగ్గేసింది.

ఆ వారంలోనే బాబాయిగారికి జ్వరమొచ్చింది. పడిశం పట్టిందని మాత్రమే ఆవిడకి చెప్పాం. ఇక్కడ ఏ ఆసుపత్రిలోనూ మంచం లేదంటే ఆయన కొడుకు గుంటూరు తీసుకెళ్ళాడు. మూడో రోజు పొద్దున పదింటికి ఆ అబ్బాయి ఫోను చేశాడు, నాన్న పోయాడని. అక్కడే, వాళ్ళే కాల్చేశారు. కొడుకు దూరంగా నిలబడి మూట చూశాడు, మొహం చూడలేదు. రొంపిచెర్ల ఇంట్లో ఆయన భార్య పిన్నిగారికీ కోడలికీ కూడా అదే జబ్బు, తలుపులేసుకుని లోపలున్నారు.

మన ప్రాంతంలో చావింటి పలకరింపు సంగతి మీకు తెలుసు. పెళ్ళికి పోకపోయినా సర్దుకుంటారు గానీ పలకరింపుకి పోకపోతే మాట నిలిచిపోతుంది. అందులో తోడబుట్టిన తమ్ముడు. కబురు తెలిస్తే ఆవిడ ఆగదు, ఆపడం మా తరం కాదు, ఆటో లేకపోతే రొంపిచెర్ల దాకా నడిచిపోతుంది. వెళ్ళి మరదలి మెడ పట్టుకుని ఏడుస్తుంది. సూది పడని మనిషి, ఆయాసం మనిషి, ఆ ఇంట్లో ఆ గాలి పీల్చి వస్తే మాకు దక్కుతుందా? మా ఆయన పెరట్లో కొబ్బరి మట్ట పట్టుకుని నిలబడిపోయాడు. అప్పుడు నేనే అన్నాను, సూది పడేదాకా చెప్పొద్దని. ఆ మాట నాది. ఎవరి మీదకీ నెట్టను.

ఒక అబద్ధాన్ని కాపాడడానికి వంద కావాలంటారు, నిజమే. ఆవిడ మీటల ఫోనులోంచి సిమ్ము తీసి దాచి, ఛార్జింగు పెట్టే పిన్ను విరిగింది, బాగుచేసే షాపులు తియ్యలేదని చెప్పాను. బాబాయిగారికి గొంతు పోయింది, డాక్టరు మాట్లాడొద్దన్నాడని చెప్పాను. పక్కింటి ఆవిణ్ణి గోడ దగ్గర పట్టుకుని దణ్ణం పెట్టాను, నోరు జారొద్దని. మా ఆయన తల్లి మొహం చూడలేక కొట్లోనే ఉండిపోయేవాడు. ఇంటికొస్తే స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చేవాడు, నీళ్ళు వృథా అని ఆవిడ ఇవతల నుంచి తిట్టేది. నాకు ఏడవడానికి కూడా తీరిక లేదు. గేటు చప్పుడైతే ఉలిక్కిపడడం, వచ్చినవాళ్ళకి ఆవిడ వెనకనుంచి సైగలు చెయ్యడం, మధ్యమధ్య బడి దగ్గరికి పరిగెత్తి ఇవాళైనా కొత్తవాళ్ళకి వేస్తారా అని అడగడం. ఇట్లా పెద్దదినం కూడా అయిపోయింది. మా ఆయన కొట్టుకని చెప్పి వెళ్ళి, ఆ ఇంటి వీధి చివరే నిలబడి దణ్ణం పెట్టుకుని వచ్చాడు.

పదమూడో రోజున వలంటీరు అమ్మాయి టోకెను తెచ్చింది, రేపు పొద్దున రమ్మని. నా తల్లే అని ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకున్నాను. అంతలోనే లోపల నుంచి ఆవిడ మాట: తమ్ముడొస్తే వేయించుకుంటాను, ఒక్కదాన్నీ పోను.

బతిమాలాను. కోప్పడ్డాను. మా ఆయన వైపు చూస్తే తల దించుకున్నాడు. టోకెను ఆ ఒక్క పూటకే పనికొస్తుంది, మళ్ళీ ఎన్నాళ్ళకి వస్తుందో, ఈలోపు ఏమవుతుందో. అప్పుడు అనేశాను, బాబాయిగారు రొంపిచెర్లలోనే వేయించుకున్నారు అత్తయ్యా, మిమ్మల్నీ వేయించుకోమని కబురు పెట్టారని. కాటికి పోయిన మనిషి నోట్లో నా మాట పెట్టాను.

ఆవిడ మొహం విప్పారింది. "ఏసుకున్నాడా! నేను లేకుండానే ఏసుకున్నాడా దొంగ సచ్చినోడు" అని, నవ్వి, అప్పటికప్పుడు పెట్టెలోంచి ఉతికిన చీర తీసి పెట్టుకుంది.

బడిలో ఆ గంటన్నరా నేను ఊపిరి సరిగ్గా తీసుకోలేదు. ఎవరు దగ్గినా ఆవిణ్ణి నా వీపు వెనక్కి జరుపుకునేదాన్ని. బెంచీ మీద పక్కన కూర్చున్న పెద్దాయన మాస్కు గడ్డం కిందికి లాక్కుని ఫోనులో అరుస్తుంటే, ఏమయ్యా, ముక్కు మూసుకోవయ్యా అని జన్మలో ఎప్పుడూ లేనట్టు పరాయి మగవాడి మీద కేకలేశాను. ఆవిడ మాత్రం జబ్బ మీద పాత మచ్చ నర్సమ్మకి చూపించి, దీని పక్కనే పొడవమంది.

మర్నాడు ఆవిడకి ఒళ్ళు వెచ్చబడింది. ఇది సూది జ్వరమేనా, ఆ జ్వరమా? మాత్ర ఇచ్చి నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఏమే, వాడిక్కూడా నా మాదిరే జరమొచ్చిందేమో కనుక్కో. చెప్పుకోడు వాడు, చానా మొండి."

ఇంక నా వల్ల కాలేదు. మంచం పక్కన కింద కూలబడి చెప్పేశాను. ఏ రోజున పోయాడో, ఎక్కడ కాల్చారో, పిన్నిగారు బతికి బట్టకట్టిందన్నదీ, సిమ్ము ఎక్కడ దాచానో, అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండునని అనుకున్నాను. ఆవిడ పైకప్పుకేసి చూపు నిలిపింది. నేను భయపడి వేలికి మిషను పెట్టబోతే చెయ్యి లాక్కుంది. తరవాత నెమ్మదిగా అడిగింది.

"వాడు పోయిన్నాడు నేనేం తిన్నానే?"

నాకు గుర్తుంది. మామిడికాయ పప్పు. కబురు తెలిసిన గంటన్నరకి నా చేత్తోనే వడ్డించాను, అనుమానం రాకూడదని నెయ్యి కూడా వేశాను. చాలా రోజులకి నోటికి హితవుగా ఉందని మారు వడ్డించుకుని తింది. ఇంకో అబద్ధం ఆడడానికి నోరు రాలేదు, చెప్పాను.

"మారడిగి తిన్నానా?" అంది.

అవునన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజంతా ఏమీ ముట్టలేదు.

ఆవిడకి ఆ జబ్బు రాలేదు. రెండో సూది అయింది, ఆ ముసురు పట్టిన రోజులూ గడిచాయి, ఇప్పటికీ పక్క గదిలో మందు గొట్టం బొడ్లో దోపుకునే ఉంది. నేను కోరుకున్నది అదే, దక్కింది. తప్పు చేశావా అని మీరడిగితే, అలాంటి రోజులు మళ్ళీ వస్తే మళ్ళీ అదే చేస్తానేమో, ఆ భయం అలాంటిది. మా చిన్నప్పుడు చావు కబురు తెచ్చిన మనిషి గుమ్మం బయటే నిలబడి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా గట్టిగా చెప్పి వెళ్ళిపోయేవాడు. ఇల్లంతా ఒక్కసారే వినేది, ఒక్కసారే ఏడ్చేది, దాచడానికి ఎవరికీ సందు ఉండేది కాదు. ఇప్పుడు కబురు ముందు ఒక్కరి అరచేతిలోకి వస్తుంది, చెప్పాలా వద్దా అన్నది ఆ ఒక్కరి ఇష్టం. అంత పెత్తనం మనుషులకి ఉండకూడదని ఇప్పుడనిపిస్తుంది.

తరవాత ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, పిన్నిగారు వచ్చినప్పుడు కూడా నా మీద చాడీ చెప్పలేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఈ ఇంట్లో నా మాట మీద ఆవిడకి ఎంత గురి అంటే, ఎవరేం చెప్పినా కోడల్ని అడిగి చెప్తాననేది. ఇవాళ పొద్దున పాలవాడు ఇంకా రాలేదత్తయ్యా అన్నాను. అట్నా అంది. లేచి, గోడ పట్టుకుని గుమ్మం దాకా నడిచి, వీధిలోకి అటూ ఇటూ చూసి, వచ్చి కూర్చుంది.