రెండిడ్లీల ప్రార్థన మనవి

మా ఆళ్లగడ్డ చర్చి సంఘంలో చాడీలు చెప్పడం పాపం. ప్రార్థన మనవి చెప్పుకోవచ్చు. తేడా ఏమిటంటే, మనవి చెప్పేటప్పుడు కొంగు తలమీదికి లాక్కుని, గొంతు కాస్త దించి, చివర "భారంతో ప్రార్థించండక్కా" అనాలి. బుధవారం స్త్రీల కూడికలో ఈ విద్యలో నన్ను మించినవాళ్లు లేరు.

నంద్యాలలో ఉండే మా వదిన, అంటే మా ఆయన అక్క, అక్కడి సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన నడిపించేది. సాయంత్రం దాకా మంచినీళ్లు తప్ప ముట్టదని పేరు. ఆమెను చూపించి మా అత్త నన్ను ఇరవయ్యేళ్లు దెప్పింది. అలాంటి మనిషి, ఒకరోజు నేను నంద్యాల వెళ్తే, తన వంటింట్లో నా చెయ్యి పట్టుకుని, "నాకు షుగరొచ్చిందే. శుక్రవారం పొద్దున తలుపేసుకుని రెండిడ్లీలు తింటాండా. ఎవురికీ చెప్పొద్దు" అంది. చెప్పనన్నాను. తిరుగు బస్సులో ఆళ్లగడ్డ చేరేదాకా ఆ మాట నా కడుపులో ఆగిందంటే, పక్క సీట్లో తెలిసినవాళ్లు లేకపోబట్టే.

బుధవారం కొంగు లాక్కున్నాను. "మా వదిన ఉపవాసం నాడు రెండిడ్లీలు తింటాందంట. ఆమె బలహీనత కోసం భారంతో ప్రార్థించండక్కా." షుగరు సంగతి చెప్పలేదు. చెబితే మనవిలో ఉప్పూకారం తగ్గుతుంది.

అక్కలు భారంతోనే ప్రార్థించారు. ఆ భారాన్ని ఫోన్లలో నంద్యాలకూ చేరవేశారు. రెండు వారాలు తిరక్కుండానే వదిన ఉపవాస ప్రార్థన మానేసిందని, ఆదివారం చర్చికి కూడా రావడం లేదని తెలిసింది.

ముందు నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. రోజూ దేవుని దగ్గర ఒప్పుకున్నాను. అందులోనూ తెలివే! "ప్రభువా, నోరు జారాను" అనేదాన్ని. జారలేదు, నేనే తోశాను. ఆయనకు తెలియదా? నెల మొదటి ఆదివారం అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభు బల్ల దగ్గరికి వెళ్తుంటే, మోకాలి నొప్పని కూర్చుండిపోయాను. మా దగ్గర బల్ల తీసుకోలేదంటే ఎవరితోనో తగవుందని అర్థం. మరుసటి నెలా అంతే. ఆ బుధవారం కూడికలో ఒకామె కొంగు లాక్కుని, నా మోకాలి కోసం మనవి చెప్పింది. ఒళ్లు మండిపోయింది. అంత చక్కగా నేను కూడా చెప్పలేను.

చివరికి మా పాస్టరయ్యగారి దగ్గర అంతా కక్కేశాను. "దేవునికి ఒప్పుకున్నా గదయ్యగారూ. ఇంకా మనసుకు నెమ్మది లేదేంది?"

ఆయన నవ్వలేదు. "దేవుడు క్షమించినాడమ్మా. దాంట్లో అనుమానం పెట్టుకోవద్దు. అయితే పరువు పోయింది ఆయమ్మది. నంద్యాలకు బస్సులుండాయి గదా."

వదిన గడపలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. నేను కూర్చోకముందే చెప్పేశాను. ఈసారి కొంగు లాక్కోలేదు. షుగరు మాట కావాలనే దాచానని కూడా చెప్పాను. ఇక ఆమె నాతో మాట్లాడకపోతే ఎట్లా బతకాలో నాకు తెలియలేదు. పుట్టింటికి వచ్చినప్పుడల్లా, అత్త దెప్పితే వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది ఆమే.

"తెలుసులేవే" అంది తలెత్తకుండా. "నేను తినేది నాలుగు. సిగ్గయ్యి నీకొక్కదానికి రెండని చెప్పినా. ఊరంతా రెండంటాండారు. ఇంగ యాడ్నుంచి వచ్చింటాది?"

"తెలిసీ ఒక్క మాట అడగలేదేం వదినా? రెండు నెలలు నేను బల్ల తీసుకోలేదు!" తప్పు ఒప్పుకోవడానికి వెళ్లి ఆమె మీదే అరిచాను.

"నేను తీసుకున్నానా? దేవుడంటే అడిగిన గడియలోనే క్షమిస్తాడు. నేను మనిషిని గదే. నీ మింద కోపం దిగేదానికి ఇన్నాళ్లు పట్టింది. ఈ పొద్దున్నే దిగింది. నిన్న వచ్చింటే పొరకతో కొట్టి పంపిచ్చేదాన్ని."

ఇద్దరం ఏడ్చాం. మధ్యలో నవ్వాం కూడా. ఆమె ఒళ్లో పొట్టు దులుపుకుని మోకరించి, నన్నూ పక్కకు లాక్కుంది.

"ప్రభువా, నేనూ ఇదీ ఒకటే మాదిరి దొంగలం. నాకు సిగ్గెక్కువ, దీనికి నోరెక్కువ. ఇద్దర్నీ క్షమించు. దీని నోటికి తాళమెయ్యి."

రెండు నెలలుగా గుండె మీద కూర్చున్న బరువు దిగిపోయింది. ఆ చివరి మాటకు ఆమెకన్నా గట్టిగా నేనే ఆమేన్ అన్నాను.