బాపు కుడికాలు

సిరిసిల్లలో బట్ట నేసే సాంచెలు నడిపీ నడిపీ, ఆ మోతకు చెవులు సగం పోయాక, బాపు కోరుట్లకు వచ్చి ఆటో కొనుక్కున్నాడు. మెట్‌పల్లి రోడ్డు మీద ఏళ్ల తరబడి నడిపాడు. నా బండితో ఎవరికీ గీత కూడా పడనియ్యలేదని చెప్పుకునేవాడు. అరవై దాటాక షుగర్ వచ్చింది. అరికాళ్లు మండుతున్నాయంటే అమ్మ రోజూ కొబ్బరినూనె రాసేది. కొన్నాళ్లకు మంటలు తగ్గాయి. నయమైందనే అనుకున్నాం.

ఒక సాయంత్రం ఒంటి చెప్పుతో ఇంట్లోకి వచ్చాడు.

"ఇంకో చెప్పు ఏడపాయె బాపు?" అన్నాను.

కాలివైపు చూసుకుని, "ఆటోల జారినట్టుంది" అన్నాడు. జారినట్టు ఆయనకు తెలియనే లేదు.

పసుపు ఆరబోసే రోజుల్లో, రోడ్డు పక్కన కొమ్ములు తిరగేస్తున్న ఒక అవ్వను బాపు ఆటో గుద్దింది. ఆమె తొడ ఎముక విరిగింది.

"బ్రేక్ దొక్కిన బిడ్డా. గట్టిగ దొక్కిన. బండి ఆగలే" అని అందరికీ అదే చెప్పాడు. మెకానిక్ చూసి, బ్రేకులు బాగానే ఉన్నాయన్నాడు.

నాకు ఆ జారిన చెప్పు గుర్తొచ్చి, బాపును జగిత్యాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి జరిగింది చెప్పాను. డాక్టరు ఆయన్ను కళ్లు మూసుకోమని, తగిలినప్పుడల్లా చెప్పమని, సన్నని తీగ ఒకటి పాదమంతా ఆనిస్తూ పోయాడు. బొటనవేలు, అరికాలు, మడమ. బాపు ఏమీ అనలేదు. కాసేపటికి తనే అడిగాడు.

"ఎప్పుడు సురువు జేస్తరు సారు?"

నేను కిటికీ వైపు తిరిగాను.

"అయిపోయింది పెద్దాయనా. నీ కాలికి స్పర్శ లేదు. ఆనాడు బ్రేక్ పక్కన రేకును తొక్కినట్టున్నవ్. ఇగ బండి నడుపద్దు" అన్నాడు డాక్టరు.

మర్నాడు బాపు ఆ అవ్వ ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఆమె మంచంలో ఉంది. బాపు కింద కూర్చున్నాడు.

"నా కాలు సచ్చిందవ్వా. నాకు ఎర్కలేకపాయె."

ఆమె తొడ మీద చెయ్యి పెట్టుకుంది.

"నీకు ఎర్క లేకనే సచ్చింది కొడుకా. నాది నొస్తనే ఉన్నది" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదని బాపు తర్వాత అన్నాడు.

ఆమె మళ్లీ నడవలేదు. ఆటో అమ్మేశాం. ఇప్పుడు బాపు ఎక్కడికి పోవాలన్నా నన్నే అడగాలి. ఎక్కువగా అడగడు.